నల్లరాతి దీవి చిత్రకారుడు: సేసర్ మన్రికే

నియంతృత్వం రాజ్యమేలే దేశంలో కూడా సముద్రం నీలంగానే ఉంటుంది. ఎండ అంతే వెచ్చగా కాస్తుంది. పదిహేను రోజుల సెలవు గడపడానికి వచ్చిన విదేశీ యాత్రికుడికి ఆ ఎండా ఆ సముద్రమూ కనిపిస్తాయి గాని చెరసాలల గోడలు కనిపించవు. ఈ సంగతి పాలకులకు బాగా తెలుసు. తన దేశాన్ని చూచి పొమ్మని ప్రపంచాన్ని పిలిచే నియంత, చూపదగినదేదో చూపరానిదేదో ముందుగానే నిర్ణయించుకొని ఉంటాడు. అటువంటి కాలంలో, కంటికి ఇంపైన దాన్ని సృష్టించడమే వృత్తిగా గల కళాకారుని ధర్మమేమిటి? అతని కుంచె పాలకుని గోడకు సున్నం వేయడానికే ఉపయోగపడుతున్నదా? లేక ఆ గోడ కూలిన తరువాత కూడా నిలువదగిన దాన్ని దేనినైనా కాపాడుతున్నదా? ఈ ప్రశ్నను జీవితమంతా మోసినవారిలో స్పెయిన్ దేశపు చిత్రకారుడూ శిల్పీ అయిన సేసర్ మన్రికే ఒకడు.

అగ్ని పుట్టించిన దీవి

మన్రికే 1919 ఏప్రిల్ 24 న లాన్సరోటే దీవిలోని అరెసీఫే అనే రేవు పట్టణంలో జన్మించాడు. ఆఫ్రికా ఖండపు వాయవ్య తీరానికి ఎదురుగా, అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్న కేనరీ దీవులలో ఇది ఒకటి. భూగోళం దృష్ట్యా ఆఫ్రికాకు దగ్గర; పరిపాలన దృష్ట్యా స్పెయిన్‌లో భాగం. 1730 సెప్టెంబరులో ఈ దీవి మీద భూమి చీలి, నిప్పులు కక్కడం మొదలుపెట్టి, దాదాపు ఆరు సంవత్సరాలు ఆగలేదు. దీవిలో సుమారు నాలుగవ వంతు లావా కింద పూడిపోయింది. పచ్చని పొలాలూ పల్లెలూ పోయి, నల్లని రాతి సముద్రం మిగిలింది.

ఆ దీవిలో నదులు లేవు. వర్షం బహు స్వల్పం. అయినా రైతులు అక్కడినుంచి కదలలేదు. అగ్నిపర్వతం చిమ్మిన నల్లని కంకరను తవ్వి గుంటలు చేసి, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క ద్రాక్షతీగ నాటి, గాలి తగలకుండా చుట్టూ అర్ధచంద్రాకారంగా రాళ్ళు పేర్చారు. రాత్రి కురిసిన మంచును ఆ కంకర పీల్చి వేళ్ళకు అందిస్తుంది. చదువురాని ఆ రైతుల పనిలో అక్కరకూ అందానికీ మధ్య అంతరం లేదు. మన్రికే తరువాతి కాలంలో ఎన్నో దేశాలు తిరిగి, ఎన్నో కళాశాలలు చూచినా, ఆయనకు తొలి గురువులు ఈ రైతులే అనవచ్చు.

తండ్రి వర్తకుడు. ఆయన ఫమారా అనే సముద్రతీర గ్రామంలో ఒక ఇల్లు కట్టించాడు. వేసవులలో కుటుంబమంతా అక్కడికి వెళ్ళేది. అటు నిట్టనిలువుగా లేచిన కొండచరియ, ఇటు అల వెనుదిరిగినప్పుడు అద్దంలా మెరిసే తడి ఇసుక. బాలుడు వాటి మధ్య పెరిగాడు. ఆ తీరపు జ్ఞాపకం ఆయనను చివరిదాకా వదలలేదు.

మిద్దె మీది మంట

1936 జులైలో స్పెయిన్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. ప్రజలు ఎన్నుకొన్న రిపబ్లిక్ ప్రభుత్వం మీద తిరగబడిన సేనానులలో ఫ్రాంకో ఒకడు. అప్పటికి అతడు కేనరీ దీవుల సైన్యాధికారి. తిరుగుబాటు నడపడానికి ఆ దీవులనుంచే విమానమెక్కి వెళ్ళాడు. దీవులు మొదటినుంచీ అతని చేతిలోనే ఉన్నాయి. యువకుడైన మన్రికే ఫ్రాంకో పక్షాన, ఫిరంగి దళంలో, స్వచ్ఛందంగా చేరాడు. ఆయన చరిత్రను ఆరాధనతో చెప్పేవారు ఈ భాగాన్ని గబగబా దాటిపోతారు. కాని దాటరాదు. ఈ మనిషి నియంతృత్వాన్ని దూరం నుంచి చూచినవాడు కాడు. దాని విజయం కోసం తుపాకి పట్టినవాడు.

1939 లో యుద్ధం ముగిసింది. ఆ వేసవిలో సైనికదుస్తులతో అరెసీఫేలోని ఇంటికి చేరిన ఆయన, తల్లినీ తోబుట్టువులనూ పలుకరించి, మిద్దె ఎక్కాడు. ఒంటిమీది దుస్తులు విప్పి, కాళ్ళతో తొక్కి, నిప్పంటించి కాల్చివేశాడు. యుద్ధంలో ఏమి చూచాడో, ఏమి చేశాడో ఆ తరువాత ఎన్నడూ మాట్లాడ దలచుకోలేదు. ఆ మంటను పశ్చాత్తాపమనవచ్చు, అసహ్యమనవచ్చు. ఏమైనా, గెలిచిన పక్షపు సైనికుడు తన గెలుపు గుర్తును తానే తగులబెట్టడం సామాన్య విషయం కాదు.

కొంతకాలం ఆయన వాస్తుశాస్త్రం చదివి, మధ్యలో మానివేశాడు. 1945 లో విద్యార్థి వేతనం సంపాదించి మాడ్రిడ్ నగరానికి వెళ్ళి, సాన్ ఫెర్నాండో లలితకళా అకాడమీలో చేరి, 1950 లో పట్టభద్రుడైనాడు. 1950 దశకం నడిమికి ఆయన రూపచిత్రణను విడిచి, అమూర్త చిత్రకళను అవలంబించాడు. అయితే ఆయన పటాలమీద కనిపించే మందపాటి గరుకు పూతలు, పగుళ్ళు, బూడిదరంగులు చూచిన వారికి అది అమూర్తమనిపించదు. మాడ్రిడ్ గదిలో కూర్చొని ఆయన వేసినది తన దీవి నేలనే.

రెండు కిటికీలు

ఇక్కడ కొంత చరిత్ర చెప్పుకోవాలి. యుద్ధంలో గెలిచిన ఫ్రాంకో 1975 లో మరణించేవరకు స్పెయిన్‌ను ఏలాడు. హిట్లర్, ముస్సోలినీల సాయంతో గెలిచిన పాలకుడు గనుక రెండవ ప్రపంచయుద్ధానంతరం అతనిని లోకం వెలివేసినంత పనిచేసింది. దేశం బీదరికంలో కూరుకుపోయింది. ఈ వెలినుంచి బయటపడడానికి ప్రభుత్వం రెండు కిటికీలు తెరచింది. ఒకటి కళ, రెండవది విహారయాత్ర.

స్వదేశంలో పుస్తకాలను, సినిమాలను కత్తిరించే ప్రభుత్వమే విదేశాలలో జరిగే ప్రదర్శనలకు తన నవ్యచిత్రకారులను పంపింది. 1958 వెనిస్ ప్రదర్శనలో స్పెయిన్ శిల్పి చిలీదాకు అంతర్జాతీయ బహుమతి లభించింది. 1960 వెనిస్ ప్రదర్శనలో మన్రికే చిత్రాలూ ఉన్నాయి. అమూర్త చిత్రం ఎవరినీ పేరుపెట్టి నిందించదు. అందులో సమ్మె చేసే కార్మికుడు లేడు, ఖైదీ లేడు. అందువల్ల అది పాలకులకు అపాయం లేని ఆధునికత అయింది. ఇటువంటి కళకు స్వేచ్ఛ ఉన్న దేశం నిరంకుశమెట్లా అవుతుందని లోకం అనుకోవాలి. ఇదే దాని ప్రయోజనం.

రెండవ కిటికీ మరింత పెద్దది. 1951 లోనే ఫ్రాంకో ప్రభుత్వం సమాచార, విహారయాత్రల శాఖ అని ఒక మంత్రిత్వశాఖ స్థాపించింది. పేరులోని జోడింపు గమనింపదగినది. పత్రికల మీద కత్తెర పట్టిన చెయ్యి, విదేశీ అతిథికి స్వాగతం చెప్పిన చెయ్యి, రెండూ ఒకే శాఖవి. 1962 లో ఫ్రాగా మంత్రి అయిన తరువాత, స్పెయిన్ వేరు, అది ఒక విశిష్టదేశం అనే ప్రచారం యూరప్ గోడలకెక్కింది. 1963 లో కమ్యూనిస్టు నాయకుడు గ్రిమావును కాల్చి చంపారు. ప్రపంచమంతటా నిరసనలు లేచాయి. మరుసటి సంవత్సరమే 25 సంవత్సరాల శాంతి పేర ఉత్సవాలు జరిపారు. యాత్రికుల రాక తగ్గలేదు. 1960 లో సుమారు 60 లక్షలుగా ఉన్న విదేశీ సందర్శకుల సంఖ్య 1973 నాటికి 3 కోట్ల 40 లక్షలు దాటింది. వారు తెచ్చిన విదేశీ ద్రవ్యంతో దేశపు యంత్రాంగం నడిచింది. బెనిడోర్మ్ వంటి బెస్తపల్లెలలో వలలు ఆరవేసిన చోట ఆకాశహర్మ్యాలు లేచాయి.

ఈ ప్రవాహం ఏనాటికైనా లాన్సరోటేకు రాక తప్పదు. 1960 దశకం నడుమ సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం దీవిలో వెలిసింది. నీరు వచ్చింది గనుక హోటళ్ళు రావచ్చు. బ్రతుకు తెరువు లేక వెనిజులాకు వలసపోతున్న దీవివాసులకు అది ఆశ. దీవి రూపానికి అది గండం.

తిరిగి వచ్చినవాడు

1963 లో మన్రికే జీవిత సహచరి పెపి గోమెజ్ మరణించింది. ఆ దుఃఖంలో ఆయన 1964 లో న్యూయార్కు వెళ్ళాడు. అక్కడ రెండు సంవత్సరాలు ఉన్నాడు. చిత్రాలు అమ్ముడుపోయాయి, పేరున్న గేలరీలో ప్రదర్శన జరిగింది. కళాకారునికి కావలసినదంతా అక్కడ దొరికింది. కాని ఆ మహానగరంలో మనిషికి నేలతో సంబంధం తెగిపోయిందని ఆయనకు తోచింది. సిమెంటు, మోటార్లు, ప్రకటనల బోర్డులు మనిషిని ఎట్లా కమ్మివేస్తాయో చూచాడు. ప్రపంచానికి దాని భవిష్యత్తు అక్కడ కనిపించింది. ఆయనకు మాత్రం తన దీవికి పట్టబోయే దుర్గతి కనిపించింది. 1966 లో వెనుకకు వచ్చి, లాన్సరోటేలో స్థిరపడ్డాడు.

అప్పటికి దీవి పాలకమండలి అధ్యక్షుడు పెపిన్ రమీరెజ్, ఆయన చిరకాల మిత్రుడు. ఆనాటి అధ్యక్షులు ప్రజలు స్వేచ్ఛగా ఎన్నుకొన్నవారు కారు, ప్రభుత్వం నియమించినవారు. అయినా ఈ రమీరెజ్ దీవిని ప్రేమించిన మనిషి. ఇద్దరూ కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. యాత్రికులు రానున్నారు, ఆపడం తమ వశం కాదు. కాని వారు దేన్ని చూడడానికి రావాలన్నది తాము నిర్ణయించవచ్చు. ఇసుకా ఎండా ఎక్కడైనా దొరుకుతాయి. లాన్సరోటేకు వచ్చేవాడు లాన్సరోటేనే చూచి పోవాలి.

కొరోనా అనే అగ్నిపర్వతం నుంచి సముద్రందాకా ఆరు కిలోమీటర్లకు పైబడిన ఒక లావా సొరంగం ఉంది. ఒకప్పుడు కరిగిన రాయి పారిన దారి అది. పైకప్పు కూలిన చోట్లను అక్కడివారు హమేయో అంటారు. అటువంటి ఒక చోట, నేలలోపల నిర్మలమైన ఉప్పునీటి మడుగు ఉంది. అందులో కళ్ళు లేని తెల్లని చిన్న పీతలు బ్రతుకుతున్నాయి. ఊరివారికి అది చెత్త పారవేసే గుంట. మన్రికే, సహకళాకారుడు హేసూస్ సోతో, స్థానికులైన తాపీపనివారు కలిసి దానిని శుభ్రపరచి, రాతిమెట్లు కట్టి, మొక్కలు నాటి, సంగీతసభ జరుపదగిన మందిరంగా మార్చారు. అదే హమేయోస్ దెల్ ఆగ్వా. పీతలు మాత్రం తమ మడుగులో తామున్నాయి. ఆయన పద్ధతి ఇదే. ప్రకృతి పని చేసి ఆపిన చోట చిత్రకారుడు మొదలుపెట్టాలి. తన సంతకం కనిపించకుండా ముగించాలి.

1968 లో తన సొంత ఇల్లు మొదలుపెట్టినప్పుడు అందరూ వింతగా చూచారు. తయీచే గ్రామం దగ్గర నల్లని లావా మైదానంలో ఒకచోట అత్తిచెట్టు కొమ్మలు పైకి కనిపించాయి. దాని పక్కన దిగిచూస్తే నేలకింద లావా బుడగ ఒకటి గుహలా ఉంది. అటువంటి ఐదు బుడగలను దారులతో కలిపి, పైన దీవి సంప్రదాయంలో తెల్లని గోడల ఇల్లు కట్టుకొన్నాడు. ఒక కిటికీలోంచి గడ్డకట్టిన లావా గదిలోకి పారుతున్నట్లే ఉంటుంది.

దీవి నడుమ పాత పడవల నీటితొట్లను జోడించి కర్షకునికి ఒక ఎత్తైన స్మారకం నిలిపాడు. ఇది గొప్పవారి విగ్రహాలు నిలిపే కాలంలో రాతినేల దున్నినవానికి చేసిన నమస్కారం. తిమన్‌ఫాయాలో ఇంకా వేడి చల్లారని భూమి మీద భోజనశాల కట్టి, నేలలోని వేడితోనే వంట సాగే ఏర్పాటు చేశారు. 1973 లో ఉత్తరపు కొండ అంచున మిరాదోర్ దెల్ రియో అనే దర్శనస్థలం కొండలో కలిసిపోయేటట్లు నిర్మించాడు. కింద సముద్రపాయ, దాని ఆవల లా గ్రసియోసా అనే చిన్న దీవి కనిపిస్తాయి.

వీటన్నిటికంటే పెద్దపని కంటికి కనిపించనిది. ఆయన పల్లెపల్లె తిరిగి, ఇంటికి సున్నమే వేయండి, తలుపులకు పాత రంగులే ఉంచండి, తాతలు కట్టిన పొగగొట్టాలను పడగొట్టకండి అని గృహస్థులకు నచ్చజెప్పాడు. రోడ్ల పక్క ప్రకటనల బోర్డులను తొలగింపజేశాడు. దీవి జానపద వాస్తువును ఫొటోలతో 1974 లో ఒక పుస్తకంగా ప్రకటించాడు. తమ ఇల్లు బీదతనానికి గుర్తు అనుకొన్న రైతుకు, అది కళాఖండమని తెలిసింది. ఒక ఉపాధ్యాయుడు చేయదగిన పని ఇదే కదా!

ఒప్పందం వెల

ఇంతకూ మొదటి ప్రశ్న మిగిలే ఉంది. ఫ్రాంకో ఏలుబడిలో ఉన్నంతకాలం స్పెయిన్‌లో అడుగుపెట్టనన్న పట్టుదలతో పికాసో 1973 లో పరాయిదేశంలోనే కన్నుమూశాడు. అది ఒక మార్గం. మన్రికే మార్గం వేరు. ఆయన లోపలే ఉండి, నియమిత పాలకుల సాయంతో, యాత్రికులను ఆకర్షించే స్థలాలు నిర్మించాడు. ఆ స్థలాల సౌందర్యం ఫ్రాంకో ప్రభుత్వపు ప్రచారానికి ఉపకరించలేదని ఎవరూ అనలేరు. ఎన్నికలు లేని కాలం గనుకనే ఒక మిత్రుని అధికారంతో దీవియంతటా ఒక అభిరుచిని అమలుపరచడం సులభమైంది, ఇదీ ఒప్పుకోవలసిందే. ఎదురు చెప్పదలచిన పౌరునికి ఆనాడు వేదిక లేదు.

అయితే మనిషిని తూచవలసినది అధికారం తనకు అనుకూలించిన రోజులలో కాదు, ఎదురుతిరిగిన రోజులలో. 1974 లో రమీరెజ్ పదవీకాలం ముగిసింది. 1975 నవంబరు 20 న ఫ్రాంకో మరణించాడు. ప్రజాస్వామ్యం వచ్చింది. దానితోపాటు స్థలాల వ్యాపారం కూడా విజృంభించింది. 1980 దశకంలో దక్షిణ, తూర్పు తీరాలలో హోటళ్ళు వరుసలుగా లేచాయి. తాను స్వయంగా పనిచేసిన కోస్తా తెగీసేలోనే, తాను కోరని విధంగా కట్టడాలు పెరగడం మన్రికే చూచాడు. తాను తీర్చిదిద్దిన అందమే పెట్టుబడిదారులకు ఎరగా మారింది. ఇంతకంటె బాధ కళాకారునికి ఏముంటుంది?

అప్పుడు ఆయన ఊరుకోలేదు. అరవై దాటిన వయసులో, అవార్డులూ గౌరవాలూ అందుకొన్న దశలో, పత్రికలలో వ్రాశాడు, సభలలో ప్రసంగించాడు, యువకులతో కలిసి సముద్రతీరంలో కట్టడాలకు అడ్డంగా నిలిచాడు. ఇక చాలు, ఆపండి అన్నదే ఆయన కోరిక. మంత్రులను, మేయర్లను, కంపెనీలను బహిరంగంగా తప్పుపట్టాడు. ఫ్రాంకో కాలంలో వాడడానికి వీలులేని నోటిని స్వాతంత్ర్యం రాగానే పూర్తిగా వాడుకొన్నవాడాయన. స్వాతంత్ర్యానికి ఆయన ఇచ్చిన విలువ అందులో తెలుస్తుంది. ఆయన చేతిమీద సాగిన చివరి పెద్ద నిర్మాణం కాక్టస్ తోట. గ్వాతీసా గ్రామంలో కంకర తవ్వి వదిలేసిన పాడుబడ్డ గోతిలో వందలకొద్దీ జాతుల ముళ్ళమొక్కలను మెట్లు మెట్లుగా నాటించాడు. గాయపడిన నేలకు అది మందు రాసినట్లే ఉంది.

1988 లో ఆయన తయీచే ఇల్లు విడిచి, ఖర్జూరవనాల అరియా లోయకు మారాడు. పాత ఇంటిని ప్రజలకోసం ఒక సంస్థగా మార్చగా, 1992 మార్చిలో అది తెరువబడింది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 25 న, ఆ ఇంటికి సమీపంలోని రోడ్ల కూడలిలో జరిగిన కారు ప్రమాదంలో ఆయన మరణించాడు. అప్పటికి ఆయనకు 73 ఏళ్ళు. ఆ కూడలిలో ఇప్పుడు గాలికి తిరిగే ఆయన శిల్పం ఒకటి నిలిచి ఉంది.

మరుసటి సంవత్సరం, 1993 లో, యునెస్కో లాన్సరోటే దీవియావత్తునూ జీవావరణ రక్షితప్రాంతంగా గుర్తించింది. ఆ తరువాత తీరంలోని పలు హోటళ్ళ అనుమతులు చెల్లవని న్యాయస్థానాలు తీర్పు చెప్పాయి. ఆయన పెట్టిన సంస్థ ఆ వ్యాజ్యాలలో వెనుకాడలేదు. కాని జనప్రవాహం ఆగలేదు. లక్షన్నరకు కొంచెం పైబడిన జనాభా గల దీవికి నేడు సంవత్సరానికి సుమారు 30 లక్షలమంది యాత్రికులు వస్తున్నారు. 2019 లో, శతజయంతి సందర్భంలో, దీవి విమానాశ్రయానికే ఆయన పేరు పెట్టారు. ఆపండి అని మొరపెట్టినవాని పేరు మీదుగానే విమానాలు దిగుతున్నాయి. 2024 ఏప్రిల్ 20 న కేనరీ దీవులన్నిటా వేలాది ప్రజలు వీధులకు వచ్చి, ఈ రాకకు ఒక హద్దు ఉండాలని కోరారు. 1960 దశకంలో ఆ మాట వీధిలో అనడానికి వీలు లేదు. అనగలిగిన ఈనాడు, వారు అన్నది మన్రికే మాటే.

చరిత్ర బోధించే ఉపాధ్యాయులు ఫ్రాంకోను గురించి చెబుతారు. చిత్రలేఖనం బోధించేవారు పికాసోను గురించి చెబుతారు. ఈ రెండు పాఠాల మధ్య పడిపోయే మన్రికే వంటివారి జీవితం విద్యార్థికి మరింత అవసరం. ఎందుకంటే మనలో చాలామందికి వీరోచితమైన బహిష్కారమూ చేతకాదు, సిగ్గుమాలిన సేవా చేతకాదు. చెడ్డ కాలంలో మంచిపని చేయాలని చూస్తాం. ఆ పనిని కాలం తనకు అనుకూలంగా వాడుకొంటుంది. అప్పుడు ఏమి చేయాలన్నదే ప్రశ్న. మన్రికే జీవితం ఇచ్చే సమాధానం ఆయన కట్టిన భవనాలలో సగమే ఉంది. తాను కట్టినదాన్ని తానే కాపలా కాస్తూ, అవసరమైనప్పుడు తన కీర్తినే పణంగా పెట్టి వీధిలో నిలబడడంలో మిగిలిన సగం ఉంది. సౌందర్యాన్ని సృష్టించినవానికి దానిని ఎవరు ఎందుకు వాడుకొంటున్నారో అడిగే బాధ్యత కూడా ఉంటుంది. ఆ బాధ్యతను ఆయన ఆలస్యంగానైనా నెరవేర్చి పోయాడు.